మహామారి – పనికత్తె జీతము

రేవుపట్టణమునకు అన్నము పెట్టునది ఓడ. 1933వ సంవత్సరమున రేవు తెఱచినది మొదలు విశాఖపట్టణమున నెన్నియో కుటుంబములు దానిని నమ్ముకొని బ్రదుకుచున్నవి. అట్టి ఓడయే రోగమునుగూడ దింపవచ్చును. 1347వ సంవత్సరము అక్టోబరులో నల్లసముద్రపు రేవులనుండి వచ్చిన నావలు సిసిలీ ద్వీపమందలి మెస్సీనాలో ప్లేగును దింపెను. మఱుసటి సంవత్సరమునకే అది ఇంగ్లండు చేరెను. నాలుగైదేండ్లలో ఐరోపాజనులలో మూడవవంతునకు తక్కువగాకుండ మడిసిరని చరిత్రకారుల యంచనా.

పోయినవారు పోగా, మిగిలినవారి కథ మనము వినదగినది. ఇంగ్లండులో పొలము దున్నువారు కఱవైరి. బ్రదికిన కూలివారు ఎక్కువ కూలి యడిగిరి. రాజగు మూడవ ఎడ్వర్డు 1349లో నొక శాసనము చేసెను. అరువదేండ్లలోపు వయసుండి, స్వంత జీవనాధారము లేని స్త్రీపురుషులందఱును పిలిచినచోటికి పోయి, ప్లేగునకు ముందున్న కూలికే పనిచేయవలెను, నిరాకరించినచో చెఱసాల. 1351లో పార్లమెంటు దీనిని మఱింత బిగించెను. అయినను కూలి పాతచోట నిలువలేదు. 1381లో తలపన్ను మూలమున రైతులు తిరుగబడినపుడు ఈ శాసనములపై నణగియున్న కోపమును బయటపడెను.

ఇది పరదేశపు పాతకథ యని త్రోసివేయజాలను. 2020 మార్చిలో కరోనా వ్యాపింపగా ఇల్లు వెడలరాదని ప్రభుత్వము దేశమంతట నాజ్ఞాపించెను. మా వీధికి పనికత్తెల రాక నిలిచెను. అంట్లు తోముట ఎంతటి పనియో మగవారికిని తెలిసెను. కొన్ని నెలలకు వారు మరల వచ్చి, నెలకు రెండువందల రూపాయలు హెచ్చుగా నడిగిరి. ఎవ్వరును హెచ్చింపరాదని వీధివారు కూడి నిర్ణయించిరి. తమ జీతములే తగ్గినవని వారి వాదము. అది అబద్ధము కాదు. కాని మా పనికత్తె యన్న మాటయు వినుడు: "నాలుగిళ్లు పోనాయి బాబూ, బియ్యం ధర తగ్గనేదు గదా!" మేము హెచ్చించితిమి. పొరుగువారు కొంతకాలము మాతో మాటలు మానిరి.

ఆదాయము తగ్గినవారు పనిని తగ్గించుకొనవచ్చును. పని మునుపటియంతయు చేయించుకొనుచు, ధరలు పెరిగినను కూలి మాత్రము కదలరాదనుట ఆ ఎడ్వర్డు శాసనమే. ఇందు మన యారోగ్యమును ఇమిడియున్నది. రాని దినమునకు జీతము కోయు ఇంటికి పనికత్తె జ్వరముతోనే వచ్చును. ఆ జ్వరము మన పసిపిల్లలకును అంటును. కావున గృహిణులారా, గృహస్థులారా, ఏటేట జీతము హెచ్చింపుడు. జబ్బుపడిన దినములకు కోయకుడు. ఈ యేర్పాటు రోగము వచ్చిన పిమ్మట చేయునది కాదు. ఈ నెలనుండియే చేయదగినది.