మోల్టన్ మందిరం, చెప్పులు కుట్టిన కాపరి

ఇంగ్లండులో నార్తాంప్టన్ అంటే బూట్ల ఊరు. అక్కడి ఫుట్‌బాల్ జట్టుకు ‘కాబ్లర్స్’ అనే పేరు ఇప్పటికీ ఉంది. ఆ పట్టణానికి కూతవేటు దూరంలోని పల్లె మోల్టన్. అక్కడ పాత పారిష్ చర్చి ఉన్నా, తెలుగువాళ్లు ముందు వెళ్లాల్సింది బాప్టిస్టుల మందిరానికి, దాని పక్కనే ఉన్న చిన్న ఇంటికి.

రాజు ఏలుబడిలోని చర్చిలో చేరబోమన్న బాప్టిస్టుల వంటివారే నాన్‌కన్‌ఫార్మిస్టులు. 1689 చట్టంతో వారికి సొంత మందిరాల్లో ఆరాధించుకునే వీలు దొరికింది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టాలు మాత్రం అందలేదు.

1785లో ఈ పల్లెకు వచ్చిన విలియం కేరీకి బడిచదువే అంతంతమాత్రం. కుర్రతనంలో నేర్చింది చెప్పులు కుట్టడం. ఇక్కడి మందిరానికి కాపరిగా సంఘం ఇచ్చే జీతంతో ఇల్లు గడవక పిల్లలకు చదువు చెప్పాడు, మళ్లీ ఆరె పట్టాడు. అతను కాపురమున్నది మందిరం పక్కనున్న ఆ చిన్న ఇంట్లోనే; తోలు నానబెట్టుకున్న తొట్టి అక్కడ ఇప్పటికీ ఉంది. పనిచేసే చోట గోడకు కాగితాలు అతికించి తనే గీసిన ప్రపంచ పటం ఉండేది. ఏ దేశంలో ఎంతమంది, వారి మతమేమిటి అన్న వివరాలన్నీ దాని మీదే రాసుకునేవాడు. కెప్టెన్ కుక్ యాత్రలు చదివి సముద్రాల అవతలి మనుషుల గురించి ఆలోచించేవాడు. లాటిన్, గ్రీకు, హీబ్రూ పట్టుబట్టి నేర్చాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవని మనిషికి ఆ గోడే విశ్వవిద్యాలయం!

ఆ గోడ మీది లెక్కలు 1792లో పుస్తకమయ్యాయి. అదే ఏడు అక్టోబరు 2న కెటరింగ్‌లో కొద్దిమంది కాపరులు కూడి, 13 పౌండ్ల పైచిలుకు చందాతో బాప్టిస్టు మిషనరీ సంఘం పెట్టారు. మరుసటి ఏడే కేరీ బెంగాల్ చేరాడు.

కేరీకి తెలుగుతో బంధం బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో మొదలైంది. 1812లో అక్కడి మిషనరీల అచ్చుకూటం తగలబడి ఎన్నో భాషల అచ్చులు, రాతప్రతులు బూడిదయ్యాయి. రెండేళ్లకే, 1814లో, కేరీ తెలుగు వ్యాకరణం వెలువడింది. మద్రాసులో క్యాంప్‌బెల్ అనే అధికారి రాసిన తెలుగు వ్యాకరణం వచ్చింది ఆ తర్వాత, 1816లో. శ్రీరాంపూర్ తెలుగు కొత్త నిబంధన 1818 నాటిది. ఈ పనులన్నిటి వెనుక దేశీయ పండితుల శ్రమ ఉంది. కేరీని తలచుకున్నప్పుడు వారినీ తలచుకోవడం న్యాయం.

మోల్టన్ మందిరం నేడు కేరీ పేరుతోనే ఉంది. ఇంటి లోపల చూడాలంటే ముందే మందిరం వారిని అడిగి వెళ్లడం మేలు. ఆయన పుట్టిన పాలర్స్‌పురీ, మిషనరీ సంఘం పుట్టిన కెటరింగ్ కూడా నార్తాంప్టన్ జిల్లాలోనివే.