టాబ్లెట్‌కి పురోహితుడు కావాలా?

టాబ్లెట్‌లో ఇంటర్నెట్ వీడియో చూడాలంటే బ్రౌజర్‌కి ప్లగిన్ ఉండి తీరాలా? 2010లో ఈ ప్రశ్న మీద మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్ల మధ్య జరిగినంత వాదన, దేవుడు ఉన్నాడా లేడా అన్నదాని మీద కూడా జరగలేదు. దేవుడి విషయంలో ఎవరి అభిప్రాయం వాళ్లకి ఎప్పుడో స్థిరపడిపోయింది. ఇది కొత్త విషయం కాబట్టి అందరూ తాజాగా ఆవేశపడ్డారు. ఆ వాదనలో ఎవరు గెలిచారో తేలిపోయిందని ఇప్పుడు అందరూ అనుకుంటున్నారు. నాకు అంత తేలిగ్గా తేలినట్టు కనిపించదు.

బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్లేమిటి అని అడిగేవాళ్లుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనుల కోసం వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు మావి. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చింది, 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి బిలాస్‌పూర్ కేంద్రమైంది. తిరుపతికి నేరుగా రైలు ఉంది కాబట్టి మా వాళ్లకి ఏడుకొండలవాడితో సంబంధం తెగలేదు. తెగినది అక్షరంతో. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ. మా పిల్లల్లో చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారు, కానీ 'అ' కి 'ఆ' కి తేడా చెప్పలేరు. వాళ్ల చేతిలో ఒక హేతువాద పుస్తకం పెడితే అట్ట మీద బొమ్మ చూసి మర్యాదగా తిరిగి ఇచ్చేస్తారు. అదే విషయం వీడియోలో చెబితే కూర్చుని వింటారు, ఎదురు ప్రశ్నలు కూడా వేస్తారు. అందుకే ఏ యంత్రంలో ఏ వీడియో ఆడుతుందన్నది మాకు షోకు వ్యవహారం కాదు.

2010లో మా సంఘంలో ఒక పెద్దాయన కొడుకు అమెరికా నుంచి వస్తూ ఐప్యాడ్ తెచ్చాడు. అప్పటికి అది ఇండియాలో అమ్మకానికి రాలేదు. పది పన్నెండు మందిమి చుట్టూ చేరాం. ముందుగా చూసింది 2008 మార్చి 3న ఇండియా టీవీలో జరిగిన సవాలు. మంత్రంతో మనిషిని చంపగలనన్న తాంత్రికుడికి సనల్ ఎడమరుకు ఎదురుగా కూర్చుని 'నన్ను చంపి చూపించు' అన్నారు. గంటల తరబడి మంత్రాలు చదివినా ఆయన నవ్వుతూనే ఉన్నారు. యూట్యూబ్‌లో ఉన్న ఆ వీడియో చక్కగా ఆడింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. తర్వాత మా పెద్దమ్మ 'తిరుమల బ్రహ్మోత్సవాలు పెట్టరా' అంది. హేతువాది ఇంట్లో పెద్దమ్మ హేతువాది కానక్కర్లేదు కదా! ఒక చానెల్ సైటు తెరిచాం. వీడియో ఉండాల్సిన చోట ఖాళీ గడి, దాంట్లో ప్లగిన్ లేదని ఒక గుర్తు.

'నాకు రాసిపెట్టి లేదు నాయనా' అంది పెద్దమ్మ.

'రాసిపెట్టింది స్వామి కాదు పెద్దమ్మా, ఆ సైటు చేసినవాళ్లు. ఫ్లాష్‌లో రాసిపెట్టారు' అన్నాను. వాదన అక్కడ మొదలైంది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. బ్రౌజర్‌కి పుట్టుకతో వచ్చిన విద్య అక్షరాలు, బొమ్మలు చూపించడం. కదిలే బొమ్మలు తనకి చేతకాక ఇంకో కంపెనీ ప్రోగ్రాంని లోపల కూర్చోబెట్టుకునేది. అదే ప్లగిన్. రైల్వే భాషలో చెప్పాలంటే ఘాట్ సెక్షన్‌లో బండి వెనక తగిలించే బ్యాంకర్ ఇంజన్ లాంటిది. మొదట్లో ఒక్కో సైటు ఒక్కో ప్లగిన్ అడిగేది: రియల్‌ప్లేయర్, క్విక్‌టైమ్, విండోస్ మీడియా. 2005లో వచ్చిన యూట్యూబ్ ఫ్లాష్‌ని వాడటంతో మిగతావి వెనకబడ్డాయి. అదే ఏడాది చివర్లో ఫ్లాష్ సొంతదారు మాక్రోమీడియాని అడోబీ కొనేసింది.

2010 ఏప్రిల్ 3న అమ్మకానికి వచ్చిన ఐప్యాడ్‌లో ఫ్లాష్ లేదు. ఎందుకు లేదో ఏప్రిల్ 29న స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాశాడు. ఫ్లాష్ ఒకే కంపెనీ గుప్పిట్లో ఉంది, కంప్యూటర్లని కూలదోస్తోంది, భద్రత లేదు, మౌస్ కోసం చేసింది వేలికి పనికిరాదు, బ్యాటరీ తినేస్తుంది అన్నాడు. వీడియోని విప్పే పని చిప్‌కి అప్పగిస్తే ఐఫోన్ 10 గంటల దాకా ఆడుతుందని, సాఫ్ట్‌వేర్ విప్పితే 5 గంటలు కూడా రాదని లెక్క ఇచ్చాడు. లెక్క ఆయనదే, అమ్మేదీ ఆయనే. ఇది గుర్తు పెట్టుకోండి.

అడోబీ అధిపతి శంతను నారాయణ్ ఆ ఆరోపణలన్నీ పొగతెర అని కొట్టిపారేశారు. ఆయన హైదరాబాదులో పుట్టి, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లోనూ ఉస్మానియాలోనూ చదివినవారు. ఇంకేం, మా కాలనీలో సగం మంది అడోబీ పక్షం! 'మనవాడు అంత పెద్ద కంపెనీకి అధిపతి అయితే మనమే కాదంటామా?' అని మా మావయ్య ఒకాయన నిలదీశాడు. కులం చూసి ఓటు వెయ్యకూడదని మాకు ఉపన్యాసాలిచ్చినాయన. పుట్టిన ఊరుకీ ప్రాసెసర్ మీద పడే భారానికీ ఏమిటి మావయ్యా సంబంధం అంటే కోపగించుకున్నాడు. రెండో సగం జాబ్స్ భక్తులు. వాళ్లకి ఆ లేఖే వేదం.

నేను అన్నదేమిటంటే, 'టాబ్లెట్‌కి ప్లగిన్ కావాలి' అన్న ఒక్క వాక్యంలో రెండు వాదాలు ముడిపడి ఉన్నాయి. మన ఊళ్లో పెళ్లిళ్లన్నీ పురోహితుడే చేయిస్తున్నాడనుకోండి. 'పురోహితుడు లేకుండా ఇక్కడ పెళ్లి జరగడం లేదు' అంటే అది నిజం, లెక్కపెట్టి చూపించవచ్చు. 'పురోహితుడు లేకుండా పెళ్లి జరగదు' అంటే అది అబద్ధం. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గర సంతకాలు పెట్టి వచ్చిన ఒక్క జంట చాలు, అది అబద్ధమని తేలడానికి. ఫ్లాష్ సంగతీ అంతే. 2010లో చాలా సైట్ల వీడియోలు అది లేకుండా ఆడలేదు, పెద్దమ్మ గడే సాక్ష్యం. కానీ బ్రౌజరే స్వయంగా వీడియో చూపించే పద్ధతిని ఓపెరా కంపెనీ 2007లోనే ప్రతిపాదించింది. 2010 జనవరిలో యూట్యూబ్ దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఐప్యాడ్ అమ్మకానికి రాకముందే సంతకాలు పెట్టిన జంట కళ్లెదురుగా ఉంది.

అవతలి పక్షం దగ్గర ఇంకో అస్త్రం ఉంది. 'జాబ్స్‌కి స్వార్థం ఉంది. ఫ్లాష్ ఉంటే ఆటలు, సినిమాలు అన్నీ బ్రౌజర్‌లోనే వచ్చేస్తాయి. ఆయన యాప్ స్టోర్‌లో కొనేదెవరు, అందులో 30 శాతం ఆయనకి వచ్చేదెలా?' స్వార్థం ఉన్న మాట నిజమే. అయితే స్వార్థపరుడు చెప్పినంత మాత్రాన మాట అబద్ధమైపోదు. బాబా చెప్పినా రెండు రెళ్లు నాలుగే. మన హేతువాదుల్లోనే ఈ జబ్బు ఎక్కువ. ఎవరికి లాభమో కనిపెట్టగానే విచారణ పూర్తయిపోయినట్టు కుర్చీలు మడిచేస్తాం. లాభం సంగతి తెలిస్తే మాటని ఇంకొంచెం గట్టిగా పరీక్షించాలి, అంతే. ఆ బ్యాటరీ లెక్క విషయంలో నేను అడిగిందీ అదే.

పరీక్షకి అవకాశం వచ్చింది కూడా. 2010 జూన్‌లో ఆండ్రాయిడ్ యంత్రాల కోసం ఫ్లాష్ 10.1 వచ్చింది. 2011లో బ్లాక్‌బెర్రీ ప్లేబుక్ టాబ్లెట్ 'మా దాంట్లో ఫ్లాష్ ఉంది' అని చాటుకుంటూ వచ్చింది. అయినా 2011 నవంబరు 9న మొబైల్ బ్రౌజర్లకి ఫ్లాష్ తయారు చేయడం మానుకుంటున్నామని అడోబీయే ప్రకటించింది. ఆ పనికి హెచ్‌టీఎంఎల్5 మేలని తనే ఒప్పుకుంది. 2012 ఆగస్టు 15 నుంచి గూగుల్ ప్లేలో కొత్తవాళ్లకి ఇవ్వడం ఆపేశారు.

జాబ్స్ భక్తులు పండగ చేసుకున్నారు. 'చూశావా, ముందే చెప్పాడు, ద్రష్ట!' అన్నారు. ఇక్కడే నాకు పేచీ. నీకు జలగండం ఉందని చెప్పిన జ్యోతిష్కుడు తనే నూతిలోకి తోస్తే జ్యోతిషం ఫలించినట్టేనా? ఐప్యాడ్‌లో ఫ్లాష్ పెట్టనన్నది ఆయనే. కోట్ల మంది కొన్న యంత్రాల్లో ఫ్లాష్ ఆడదు కాబట్టి సైట్లవాళ్లు ఫ్లాష్ మానేశారు. ఫ్లాష్‌కి ఉన్న లోపాలెంత, ఆపిల్ తోసిన తోపెంత అన్నది విడదీసి చెప్పడానికి తోపు లేని ఇంకో ప్రపంచం మన దగ్గర లేదు. అయితే లోపాలు మాత్రం ఉత్తవి కావు. 2015 జులైలో హ్యాకింగ్ టీమ్ అనే నిఘా కంపెనీ ఫైళ్లు బయటపడినప్పుడు, ఫ్లాష్‌లో అంతవరకు ఎవరూ పూడ్చని కన్నాలు వాళ్ల దగ్గర దొరికాయి. ఫైర్‌ఫాక్స్ కొన్నాళ్లు ఫ్లాష్‌ని తలుపు దగ్గరే ఆపేసింది. ఈ సాక్ష్యానికీ జాబ్స్ స్వార్థానికీ ఏ సంబంధమూ లేదు.

నన్ను ఎక్కువగా ఒప్పించిన సాక్ష్యం ఐప్యాడ్ కాదు, ఆకాశ్. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కపిల్ సిబల్ విడుదల చేసిన విద్యార్థుల టాబ్లెట్. డేటావిండ్ కంపెనీది, బిగింపు మన హైదరాబాదులో. ప్రభుత్వం కొన్న ధర సుమారు 2,250 రూపాయలు. (అదే రోజు అమెరికాలో జాబ్స్ చనిపోయాడు. దీంట్లో సంకేతాలు వెతికినవాళ్లు కూడా మా కాలనీలో ఉన్నారు. కాకి వాలడం, తాటిపండు పడటం. కాకతాళీయం అన్న మాట ఊరికే పుట్టలేదు.) ఆకాశ్‌లో ఉన్నది 366 మెగాహెర్ట్జ్ పాత తరం ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ. మొబైల్ ఫ్లాష్ అడిగే తరం ప్రాసెసర్ అందులో లేనే లేదు. కానీ వీడియోని విప్పడానికి విడిగా ఒక చిప్ భాగం ఉంది. అంటే 'పూర్తి ఇంటర్నెట్ కావాలంటే ప్లగిన్ ఉండాలి' అన్న వాదం, ఖరీదైన యంత్రం కొనగలవాడికి మాత్రమే పూర్తి ఇంటర్నెట్ అన్న వాదం అయిపోయింది. బీదవాడి టాబ్లెట్‌లో నేరుగా ఆడే వీడియో ఫైలుకే చోటుంది. ఆకాశ్ మిగతా విషయాల్లో నాసిరకమే, దాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2015 జనవరిలో యూట్యూబ్ ఫ్లాష్‌ని పక్కకి నెట్టి హెచ్‌టీఎంఎల్5నే ముందుకి తెచ్చింది. 2017 జులైలో అడోబీ మరణవార్త ముందుగానే ప్రకటించింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ అయిపోయింది, 2021 జనవరి 12 నుంచి అందులో ఏదీ ఆడకుండా తాళం పడింది. ఆ రోజు చైనాలోని దాలియన్ రైల్వే డిపోలో పనికి కావలసిన సమాచారం చూపించే పేజీలు తెరుచుకోలేదు. సిబ్బంది ఇరవై గంటలు తంటాలు పడి పాత వెర్షన్ వెతికి పెట్టుకున్నారు. మూడేళ్ల ముందు నోటీసు ఇచ్చినా ఇలాగే అవుతుందని రైల్వేలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు.

సరే, పురోహితుడు వెళ్లిపోయాడు. అందరూ గెలుపు లెక్క కట్టేది ఇక్కడే. కానీ పురోహితుడు ఎటు వెళ్లాడో చూడండి. అద్దె సినిమాలు కాపీ కాకుండా తాళం వేసే పద్ధతిని 2017 సెప్టెంబరులో డబ్ల్యు3సీ వెబ్ ప్రమాణంగా ఆమోదించింది. దాన్ని వ్యతిరేకించిన ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ సంస్థ నుంచే రాజీనామా చేసి బయటికొచ్చింది. ఈ తాళం తీసే ముక్క బ్రౌజర్‌లోనే వస్తుంది, క్రోమ్‌లో అయితే వైడ్‌వైన్ అంటారు. లోపల ఏం చేస్తుందో చూడటానికి వీల్లేదు. ఒక కంపెనీ గుప్పిట్లో ఉంటుంది. అది లేకపోతే సినిమా ఆడదు. దీన్ని ప్లగిన్ అనకూడదట! వీధి గుమ్మంలోంచి పంపించిన మనిషి దొడ్డిగుమ్మంలోంచి వచ్చి పీట వేసుకున్నాడు. ఈసారి దక్షిణ కూడా అడగడు, ఇంటి అద్దెలో కలిపేస్తాడు. ఇక యాప్‌ల సంగతి చెప్పక్కర్లేదు. నాలుగైదేళ్ల టాబ్లెట్‌లో తెర బాగుంటుంది, బ్యాటరీ బాగుంటుంది, యాప్ మాత్రం 'మీ యంత్రం పాతది' అని మొహం చాటేస్తుంది. 2010లో పెద్దమ్మ చూసిన ఖాళీ గడికీ దీనికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

కాబట్టి టాబ్లెట్‌కి ప్లగిన్ అక్కర్లేదన్న మాట సాంకేతికంగా నిజం, నేను మొదటి నుంచీ ఆ పక్షమే. వీడియో కోసం ఎవరి అనుమతీ అక్కర్లేదన్నది మాత్రం ఇంకా నిజం కాలేదు. ఫ్లాష్‌తో పోయిన వాటి లెక్క కూడా ఎవరూ సరిగ్గా రాయలేదు. 2020 నవంబరు నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లు పాత ఫ్లాష్ బొమ్మల్ని, ఆటల్ని రఫుల్ అనే ప్రోగ్రాంతో మళ్లీ ఆడిస్తున్నారు. వాళ్లకి చేరనివి చేరనట్టే.

మా సంఘంలో ఇప్పుడు పాటించే పద్ధతి చెప్పి ఆపేస్తాను. మేం తీసే ప్రదర్శనలు, అంటే నిప్పుల మీద నడక, నాలుకలో శూలం, గాలిలోంచి విభూతి, వీటి గుట్టు విప్పే వీడియోలన్నీ తాళం లేని మామూలు ఎంపీ4 ఫైళ్లుగా పెడతాం. ఎవరైనా దించుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లవచ్చు. మాట తెలుగులో ఉంటుంది, కింద హిందీ అక్షరాలు వేస్తాం, పక్కింటి పిల్లలు కూడా చూస్తారు కాబట్టి. కొత్త ఫైలు చేసినప్పుడల్లా మా దగ్గరున్న అన్నిటికంటే పాత టాబ్లెట్‌లో నెట్ ఆపేసి ఆడించి చూస్తాం. దాంట్లో ఆడితేనే బయటికి ఇస్తాం.