మాట నడిచే తీగపై విద్యుత్తు

శక్తిని మోసే తీగపైనే మాటను కూడా పంపవచ్చునన్నది విద్యుత్ ప్రసార రంగంలో పనిచేసే మాబోటి వారికి కొత్త సంగతి కాదు. ఉపకేంద్రాల ఆవరణలో ఎత్తున అమర్చిన పీపాల వంటి వేవ్ ట్రాపులను మన కుటుంబాల పిల్లలు సైతం చూసే ఉంటారు. లక్షల వోల్టుల లైనుపై ప్రయాణించే పవర్ లైన్ క్యారియర్ సంకేతాలు ఉపకేంద్రపు పరికరాలలోకి దారితప్పి పోకుండా అవి అడ్డుకుంటాయి. దీనికి తలకిందులైన ఏర్పాటు, అనగా మాటను మోసే సన్నని తీగపై శక్తిని పంపడం, మా ఇంటి వాకిట్లోనే మాకు పాఠం చెబుతుందని మాత్రం మేము ఊహించలేదు.

మా అమ్మగారు గోదావరి ప్రాంతంలోని స్వగ్రామంలో ఒంటరిగా ఉంటారు. వయస్సు ఎనభై దాటింది. నాన్నగారు పోయిన తరువాత మా వద్దకు వచ్చి ఉండమని ఎంత బతిమాలినా, "తులసికోటకు నీళ్ళెవరు పోస్తారురా?" అన్నదే ఆవిడ సమాధానం. చివరకు మా మనశ్శాంతి కోసం వీధి గేటు వద్ద ఒక నిఘా కెమెరా బిగించాము. ఇంటిలోని రౌటరు నుంచి ప్రహరీగోడ వెంబడి 40 మీటర్ల ఈథర్నెట్ కేబుల్ లాగాము. కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఉంటాయి. మా కెమెరా సమాచారానికి రెండు జతలు చాలు. ఖాళీగా ఉన్న రెండు జతల ద్వారా 12 వోల్టుల అడాప్టరు విద్యుత్తును పంపే చిన్న జోడింపు తీగలు బజారులో చవకగా దొరికాయి. గేటు వద్ద ప్లగ్గు అవసరం తప్పిందని మురిసిపోయాము. ఊరికి తిరిగి వచ్చి, ఫోనులో మా గేటును చూసుకుని తృప్తి చెందాము.

వారం తిరగకుండానే ఒకనాటి రాత్రి రెండు గంటలకు అమ్మ ఫోను చేసింది. "ఏరా, గేటు దగ్గర ఏదో అలికిడవుతోంది. నీ కెమెరాలో ఎవరున్నారో చూసి చెప్పు."

చూశాము. తెర నల్లగా ఉంది. నిమిషం తరువాత ఒక్క క్షణం బొమ్మ మెరిసి, మళ్ళీ ఆరిపోయింది. తెల్లవారే వరకు ఇదే తంతు. అమ్మ తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది, మేము ఫోను పట్టుకుని కూర్చున్నాము. ఉదయం పాలు పోసే అబ్బాయి వచ్చి చూస్తే, కట్టు తెంపుకున్న పక్కింటి దూడ గేటు పక్కన పడుకుని ఉందట. అమ్మ మమ్మల్ని కోప్పడలేదు. "పగలు ఎవరు వచ్చినా నాకే కనబడతారు కదరా. రాత్రి చూడడానికే కదా అది పెట్టావు?" అని మాత్రం అన్నది.

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. 400 కిలోవోల్టుల లైన్లలో వోల్టేజి పడిపోకుండా కాపు కాసే ఉద్యోగం మాది. సొంత వాకిట్లో 12 వోల్టులను 40 మీటర్లు దాటించలేకపోయాము.

తరువాతి సెలవులో మల్టీమీటరు తీసుకుని వెళ్ళాము. కేబుల్ రానుపోను నిరోధం సుమారు 5 ఓములు వచ్చింది. అసలైన రాగి అయితే మూడున్నర ఓములు మించకూడదు. కత్తిరించి గీకి చూస్తే లోపల తెల్లగా అల్యూమినియం, పైన రాగి పూత. ఇక లెక్క సులువు. పగలు కెమెరాకు 4 వాట్లు కావాలి. 0.4 ఆంపియర్ల ప్రవాహానికి 2 వోల్టులు దారిలోనే ఖర్చయి, గేటు వద్దకు 10 వోల్టులు చేరేవి. వాటితో ఎలాగో నడిచేది. చీకటి పడగానే పరారుణ దీపాలు వెలిగి అవసరం 8 వాట్లకు పెరిగేది. 12 వోల్టుల నుంచి 5 ఓముల నిరోధం గుండా ఎంత ప్రయత్నించినా 7.2 వాట్లకు మించి అవతలకు చేరదు. వోల్టేజి కూలి కెమెరా ఆరిపోయేది. బరువు దిగగానే వోల్టేజి కోలుకుని మళ్ళీ వెలిగేది. పాలిటెక్నిక్ విద్యార్థి సైతం వేయగల లెక్క ఇది, మేమే వేయలేదు.

కేబుల్ మార్చి మేలైన రాగి తీగ వేసినా, 12 వోల్టులతో రాత్రివేళ గేటుకు చేరేది 9 వోల్టులే. అందుచేత విధానాన్నే మార్చాము. పవర్ ఓవర్ ఈథర్నెట్ అనే ఈ పద్ధతికి 2003లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ 802.3 ఎ.ఎఫ్. పేరిట ప్రమాణం ఏర్పరచింది. ఇందులో విద్యుత్తు సుమారు 48 వోల్టుల వద్ద పోతుంది. పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బ్యాటరీ వోల్టేజి కూడా అదే. ఇంట్లో కరెంటు పోయినా ఆనాటి ఫోను మోగడానికి కారణం ఆ బ్యాటరీయే. మా 8 వాట్లకు ఇప్పుడు 0.17 ఆంపియర్లు చాలు, దారిలో పోయేది అర వోల్టు పైచిలుకు. వోల్టేజి పెంచి ప్రవాహం తగ్గించడమన్నది మనం నిత్యం చేసే పనే.

ఈ పద్ధతిలో సమాచారం నడిచే జతలపైనే విద్యుత్తును కూడా పంపవచ్చు. సమాచారం ఒక జతలోని రెండు తీగల నడుమ ఉండే తేడాలో ఉంటుంది. విద్యుత్తు ఆ రెండింటినీ సమంగా పైకెత్తుతుంది. వరదలో పక్కపక్కనున్న రెండు పడవలు సమంగా లేచినట్లు, తేడా చెక్కుచెదరదు.

అన్నిటికంటే మమ్మల్ని ఆకట్టుకున్నది మరొకటి. స్విచ్చి తీగ తగిలించగానే 48 వోల్టులు గుమ్మరించదు. ముందుగా 10 వోల్టుల లోపు స్వల్పమైన వోల్టేజితో తట్టి చూస్తుంది. అవతల 25 కిలోఓముల గుర్తింపు నిరోధం కనిపిస్తేనే అది శక్తిని స్వీకరించే పరికరమని గ్రహిస్తుంది. ఎంత కావాలో కూడా తరగతిని బట్టి తెలుసుకోగలదు. అటు తరువాతే ఇస్తుంది. మా కెమెరాకు ఈ సదుపాయం ఉందని పెట్టెపై అచ్చువేసే ఉంది, చదవనిది మేమే.

అడిగి ఇవ్వడం అనే ఆ మర్యాద మాలో లోపించింది. రాత్రి ఎంత కావాలని కెమెరాను అడగలేదు, ఎక్కడ కావాలని అమ్మను అడగలేదు. ఈసారి అడిగాము. "అరుగు మీదికి వద్దురా, అక్కడ మేం నలుగురం కూర్చుంటాం. గేటూ, నూతి పక్క దారీ కనబడితే చాలు" అన్నది. అలాగే తిప్పాము.

ఈ ఏర్పాటు చేయదలచిన మిత్రులకు నాలుగు మాటలు. కేబుల్ కొనేటప్పుడు పూర్తి రాగియో కాదో కొస గీకి చూడండి. ఒక స్విచ్చి నుంచి కెమెరాకు 100 మీటర్లు మించనీయకండి. ఆరుబయట ఎండకు ఓర్చే నల్లతొడుగు కేబుల్ వాడి, పిడుగుల వేళ రక్షణకు సర్జ్ నిరోధకాన్ని మంచి ఎర్తింగుతో జతపరచండి. రౌటరును, స్విచ్చిని ఒకే యు.పి.ఎస్.పై పెడితే, కరెంటు పోయినా గేటు వద్ద కన్ను మూతపడదు.

మొన్న రాత్రి పదకొండు గంటలకు అమ్మ మళ్ళీ ఫోను చేసింది. వెంటనే తెర చూశాము. గేటు స్పష్టంగా కనిపిస్తోంది, ఎవరూ లేరు. ఆ మాటే చెప్పాము. "సరే, పడుకుంటాను" అని ఫోను పెట్టేసింది. ఆ రాత్రి మేము కూడా నిద్రపోయాము.