తాకట్టుపడిన యిల్లు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పిరి. ఈ కాలమున మూడవదియు నొకటి చేరినది: ఇల్లు తాకట్టు పెట్టి కొని చూడుము. కట్టుటలోని కష్టము కంటికి కనబడును. తాకట్టులోని కష్టము కాగితములలో దాగియుండును. కావున దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయబూనితిని.

నేను అమీరుపేటలో నివసించువాడను. కంప్యూటరు విద్య నేర్వవచ్చిన యువకులతో మైత్రీవనము చుట్టునుగల వీథులు క్రిక్కిరిసియుండును. 2017 నవంబరులో మెట్రో రైలు మా పేటకు వచ్చినది. ఇప్పుడు రెండు మార్గములు ఇచ్చటనే కలిసికొనుచున్నవి. పంజగుట్ట చౌరస్తాయు దగ్గరనే గలదు. ఇట్టిచోట ఇంటి వెల తగ్గునా యని యడిగిన వానిని జనులు వింతగా జూతురు. పెరుగునది ముఖ్యముగా నేల వెలయని వారు మరతురు. అపార్టుమెంటులో ఫ్లాటు కొన్నవానికి దక్కునది ఆ నేలలో కొన్ని గజముల అవిభక్తభాగము. తక్కినది గోడలు, మెట్లు, లిఫ్టు. నేలకు ముసలితనము లేదు, గోడకు గలదు.

మా వీథిలో నొక గృహస్థు ముప్పదియేండ్లనాటి కట్టడములో ఫ్లాటును 33 లక్షల రూపాయలకు కొనెను. 30 లక్షలకు మించని గృహఋణమైనచో వెలలో నూటికి 90 వంతులవరకు అప్పు ఈయవచ్చునని రిజర్వు బ్యాంకు నియమము. ఆయన 29 లక్షల 70 వేలు తీసికొనెను. రిజిస్ట్రేషను వ్యయము నూటికి ఏడున్నర చొప్పున దాదాపు రెండున్నర లక్షలు. ఇల్లమ్మునపుడు ఆ సొమ్ము తిరిగి రాదు. వడ్డీ నూటికి 9, గడువు 20 సంవత్సరములు, నెలకు కిస్తు సుమారు 26,720 రూపాయలు. మూడేండ్లలో ఆయన కట్టినది 9 లక్షల 62 వేలు. అందులో అసలునకు జమపడినది 1 లక్ష 83 వేలు మాత్రమే. తొలి సంవత్సరముల కిస్తులలో అధికభాగమును వడ్డీయే మ్రింగివేయును.

అంతలో ఆయన యుద్యోగము పోయెను. ఇల్లు అమ్మజూపగా, కారు నిలుపుటకు చోటు లేదని యొకరు, బోరు ఎండినదని యొకరు వెనుదీసిరి. 26 లక్షలకు మించి బేరము రాలేదు. బాకీయో, 27 లక్షల 87 వేలు! ఇల్లు అమ్మినను అప్పు తీరదు. చేతినుండి దాదాపు రెండు లక్షలు ఎదురు పెట్టవలసివచ్చినది.

ఆయన ఒకనాటి రాత్రి కాగితముల కట్టతో మా యింటికి వచ్చి, భార్య గాజులను పంజగుట్టలో కుదువబెట్టి కిస్తులు కట్టవచ్చునా యని యడిగెను. ఈ సంగతి ఆమెకు తెలియునా యంటిని. “ఆడవాండ్లకెందుకు బాబాయిగారూ, ఈ గొడవ!” యనెను. కాగితములు త్రిప్పితిని. ఆయన సంతకమున్న ప్రతిపుటను ప్రక్కనే ఆమె సంతకమును గలదు. అప్పంతటికిని ఆమెయు బాధ్యురాలే. బాధ్యతకు పనికివచ్చిన యామె యాలోచనకు పనికిరాలేదు!

ఆమెను పిలిపించిననేగాని లెక్క చూడనని పట్టుబట్టితిని. ఆమె వచ్చి అన్నియు విని, “ఇంటి వెల సంగతి యటుండనిండు. వచ్చే నెల కిస్తు ఎక్కడ నుండి వచ్చును?” అని యడిగెను.

విషయమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది. వెల అప్పుకంటె తగ్గినంతమాత్రమున ఇల్లు మునిగిపోదు. రాబడి నిలకడగా నున్నవాడు అందే కాపురముండి కిస్తులు కట్టుకొనుచుండిన, ఆ నష్టము కాగితముమీది నష్టమే. చేతికి అదనపు సొమ్ము వచ్చినచో అసలు తగ్గించుకొనవచ్చును. మారుడు వడ్డీపై వ్యక్తులు తీసిన గృహఋణమును ముందుగా తీర్చినందుకు జరిమానా కూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు శాసించినది. రాబడి లేనివాని సంగతి వేరు. వానికి నేటి రెండు లక్షల కొరత వడ్డీతో పెరుగుచుండును.

అమెరికాలో 2008 నాటి యార్థికసంక్షోభమున తాళములు అప్పగించి వెడలిపోయినవారి కథలు మన బంధువులు చెప్పుచుందురు. కాలిఫోర్నియావంటి రాష్ట్రములలో తాముండుటకు ఇల్లు కొనగా చేసిన అప్పునకు సామాన్యముగా ఆ యిల్లే హద్దు. మన దేశమున నట్లు కాదు. కిస్తు 90 దినములు మించి నిలిచిపోయిన బాకీ మొండిబాకీ యగును. పిమ్మట 2002 నాటి సర్ఫేసీ చట్టము ననుసరించి బ్యాంకు 60 దినముల నోటీసు ఇచ్చి, ఇల్లు స్వాధీనపరచుకొని వేలము వేయవచ్చును. వేలములో చాలని సొమ్మునకు ఋణగ్రస్తుడే బాధ్యుడు. వేలపు ప్రకటన వెలువడకముందే బాకీ యంతయు చెల్లించిన ఇల్లు దక్కును.

ఆ దంపతులు నోటీసు రాకముందే ఇల్లు అమ్మివేసిరి. గాజులు కుదువకు పోలేదు; ఆమెయే వానిని అమ్మి కొరత పూడ్చినది. కుదువబెట్టిన మరియొక వడ్డీ మొదలగునని ఆమె యనెను. నేడు వారు అద్దె యింట నున్నారు. “సొంత యిల్లు పోగొట్టుకొనిరి” అని చుట్టములు చెవులు కొరుకుకొనుచున్నారు. ఇల్లు ఋణదాత చేతిలో తాకట్టున నుండగా ఈ చుట్టములే గృహప్రవేశపు భోజనమును మెచ్చుకొనిరి. అప్పుచేసి కొనుట గౌరవమును, అప్పు తీర్చుటకై అమ్ముట అవమానమును ఎట్లయ్యెనో నాకు బోధపడదు.

చదువరులారా! ఇంటిమీద అప్పుగల ప్రతి గృహస్థును ఏడాదికొకమారైనను బ్యాంకునుండి లెక్క తెప్పించి భార్యముందుంచి చదువవలెను: అసలు ఎంత మిగిలినది, వడ్డీ యెంత, వడ్డీ పెరిగినపుడు గడువెంత పొడిగించిరి, నేడు అమ్మిన నెంత వచ్చును. సోదరీమణులారా! మీ సంతకము కోరినచోట ఆ కాగితములో నేమున్నదో చదివి చెప్పుమని యడుగుడు. చెప్పనిచో కలము పట్టకుడు.