వేడి చాప వాడుతున్నారా?

నడుము పట్టేస్తే మా ఇళ్ళల్లో మూకుట్లో ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేవారు. మూట చురుక్కుమంటే "అబ్బా" అనేవాళ్ళం. పెట్టేవాళ్ళ చెయ్యి ఠక్కున ఆగిపోయేది. ఇప్పుడు కరెంటు చాపలు వచ్చాయి. మంచివే, కాదనను. కాని మీరు "అబ్బా" అంటే ఆగటానికి చాపకు చెవుల్లేవు గదా! ఆ పని తీగ మధ్యనున్న చిన్న డబ్బీ చెయ్యాలి. దాన్నే కంట్రోలరు అంటారు.

అసలు "అబ్బా" అనలేనివారి సంగతి ఇంకా కష్టం. మా పెద్దమ్మకు ఎన్నో ఏళ్ళుగా చక్కెర వ్యాధి. పాదాలు చల్లబడుతున్నాయని రాత్రి చాపను కాళ్ళకింద వేసుకుని నిద్రపోయింది. తెల్లారి చూస్తే మడమ మీద ఇంత బొబ్బ! ఆవిడకు నొప్పే తెలియలేదు. పుండు మానటానికి మూడు నెలలు పట్టింది. "వేడేం లేదురా, గోరువెచ్చగానే పెట్టుకున్నాను" అంటుంది ఇప్పటికీ. ఆవిడ మాట అబద్ధం కాదు. 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడి అయిదు సెకన్లలో చేసే గాయాన్ని 44 డిగ్రీల వేడి ఆరు గంటల్లో చేస్తుందని మోరిట్జ్, హెన్రిక్స్ అనే శాస్త్రజ్ఞులు 1947లోనే తేల్చారు. అంచేత డబ్బీ మీద అంకె ఎంత ముఖ్యమో, గడియారం అంత ముఖ్యం. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. మధ్యలో ఒక గుడ్డ ఉండాలి. నిద్ర పనికిరాదు. దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటే వాడుకోండి గాని, దాని మీద భారం వేసి కునుకు తియ్యకండి. పాదాలు తిమ్మిరెక్కే చక్కెర రోగులు కాళ్ళకు ఈ చాప అసలు పెట్టుకోకూడదు.

ఆ అంకె సంగతీ చెప్పాలి. ఇలాంటి చాపలు చాలావాటిలో మిరియపు గింజంత థర్మిస్టరు ఒకటి ఉంటుంది. వేడెక్కినకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. డబ్బీ అది కనిపెట్టి కరెంటు ఆపుతుంది, చల్లబడితే మళ్ళీ వదులుతుంది. అంటే మీకు కనిపించే అంకె ఆ గింజ ఉన్నచోటి వేడి మాత్రమే! చాపను మడిచినా, ఒక మూల దుప్పటి కుక్కినా అక్కడ వేడి పేరుకుంటుంది. దూరాన ఉన్న గింజకు ఆ కబురు అందదు. ఇంకా వెచ్చబడలేదని తొందరపడి అంకె పెంచేస్తారు కొందరు. పది నిమిషాలు ఓపిక పట్టండి.

డబ్బీని తలగడ కింద పెట్టొద్దు. దానికీ గాలి ఆడాలి. తీగను డబ్బీకి బిగించి చుట్టితే మెడ దగ్గర లోపలి పోగులు తెగుతాయి. ప్లగ్గు తీసి, చల్లారాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు. తీగ కదిపితే దీపం ఆరి వెలుగుతున్నా, కమురు వాసన వచ్చినా, అదే ఆఖరు. టేపు చుట్టి నడిపించే వైద్యం దీనికి లేదు. ఆ చాపకు తగిన డబ్బీయే కొని తగిలించండి. చూడటానికి ఒకలాగే ఉందని పక్కింటివారిది పెట్టకండి.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన చాప అయితే వెనక చీటీ చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మూడు పుల్లల అడాప్టరు ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టులను కాదు. 120 వోల్టుల చాపను తిన్నగా మన గోడకు తగిలిస్తే వేడి రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలు పుడుతుంది. డబ్బీ కాలిపోతే అదృష్టమే, చాప అంటుకోలేదని సంతోషించాలి.

కాలు బెణికి వాచిన మొదటి రెండు రోజులు వేడి వద్దు. నొప్పి మందు పూసుకున్నచోట అసలే వద్దు. రోజూ చాప వాడేవారికి ఒంటి మీద వలలాగా గోధుమరంగు గీతలు కనిపిస్తే, ఆ రోజునుంచే చాప మానేసి డాక్టరుకు చూపించండి.