ఛాయాగ్రాహకుని సంచి

కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున ఒక గ్రామము గలదు. అచ్చటి యువకుడొకడు పెండ్లిండ్లకును, జాతరలకును ఛాయాచిత్రములు తీయుచు, ఆ రాబడితో కళాశాల చదువు సాగించుచుండెను. అతని యొద్దనున్నది ఒక పాత డిజిటల్ కెమెరా. దానితో వచ్చిన ఒకే లెన్సు. రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్ము 15,000 రూపాయలు. పట్టణపు అంగడిలో అతని మనసు దోచిన క్రొత్త కెమెరా వెల 60,000 రూపాయలు. తల్లి మెడలోని గొలుసు కుదువబెట్టినచో తక్కిన సొమ్ము చేకూరునని అతడు తలపోసెను.

వానలు తప్పిన ఏడు వేరుసెనగ విత్తనములకు ఆ గొలుసే ఆధారము. అయినను తల్లి కాదనలేదు. “గొలుసు తీసికొనిపొమ్ము, నాయనా! కాని యిప్పుడున్న కెమెరాలో లోపమేమో ముందు నాకు చెప్పుము” అనెను.

కుమారుడు బదులు చెప్పలేకపోయెను. ఆ రాత్రి అతడు చెడిపోయిన చిత్రములనన్నిటిని ముందుంచుకొని, చెడుటకు గల కారణమును బట్టి వేరుపరచసాగెను. తుదకు నాలుగు కుప్పలు తేలినవి.

మొదటిది పెండ్లిపందిళ్ల కుప్ప. ఫ్లాషు వేసినచోట ముఖములు పాలిపోయినవి. వేయనిచోట చిత్రములు మసకబారినవి. లెన్సులో వెలుతురు చొచ్చు రంధ్రమునకు అపెర్చరని పేరు. దాని కొలతలో అంకె తగ్గినకొలది రంధ్రము పెద్దదగును. ఎఫ్ 5.6 వద్ద కంటె ఎఫ్ 1.8 వద్ద తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లోనికి వచ్చును. ఇచ్చట లోపము లెన్సుది.

రెండవది బెలుం గుహల కుప్ప. పూర్వము కర్నూలు జిల్లాలోను, 2022 నుండి నంద్యాల జిల్లాలోను ఉన్న ఆ గుహలలో వెలుతురు స్వల్పము. గుహ కదలలేదు, పట్టిన చేయి కదలినది. అనుమతి దొరికినచోట ముక్కాలి పీట వంటి ట్రైపాడుపై కెమెరాను నిలిపి, షట్టరును కొన్ని క్షణములు తెరచి యుంచినచో చాలును.

మూడవ కుప్పలోని చిత్రములపై మచ్చలు కానవచ్చెను. ఎండుగాలిలో లెన్సు విప్పగా లోన చేరిన దుమ్మది. దానిని ఊదుటకు రబ్బరు బ్లోయరు, అద్దము తుడుచుటకు మెత్తని బట్ట వలయును.

నాలుగవది గండికోటది. పెన్నానది కొండలను చీల్చుకొని పారు ఆ లోయను అతడు నడిమధ్యాహ్నము చిత్రించెను. ఉదయపు ఏటవాలు కిరణములలో రాతిపొరలు ఒక్కొక్కటిగా స్పష్టమగును. పెందలకడ లేచుటకు వెల లేదు.

నాలుగు కుప్పలలో ఏదియు క్రొత్త కెమెరాను కోరలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు తాను కెమెరాను నిందించితినని అతడు గ్రహించెను. రోళ్ళపాడు గడ్డిభూములలో పరుగెత్తు కృష్ణజింకలను చిత్రించువానికి పొడవైన లెన్సు, చురుకైన కెమెరా అవసరము కావచ్చును. ఈ యువకుని జీవనము పెండ్లిపందిరిలో నున్నది.

పనిని బట్టి సాధనమును ఎన్నుకొనవలెననుటకు ఆ జిల్లాలోనే గొప్ప నిదర్శనము గలదు. 1900 తరువాత ఎవరికిని కానరాని కలివికోడి 1986లో కడప జిల్లా పొదల అడవిలో మరల కనబడెను. అది రాత్రివేళ తిరుగు పక్షి. చూచుట మిక్కిలి కష్టము. దాని జాడ తెలియుటకై శాస్త్రజ్ఞులు తమంతట తామే చిత్రములు తీయు కెమెరాలను అమర్చిరి. వానితోపాటు నేలపై మెత్తని మన్నును పట్టీలుగా పరచి, దానిపై పడిన అడుగుజాడలను పరీక్షించిరి. ఈ రెండు పద్ధతుల వలనను పక్షి ఉనికి తెలిసినట్లు 2002లో వారు ప్రకటించిరి. మన్ను పక్షి రూపమును చూపలేదు. కాని అది నడచిన చోటును చూపగలదు. కెమెరా రూపమును చూపును. కాని తన యెదుటనున్న చోటునే చూడగలదు. దేని పని దానిది.

మరుసటి వారము యువకుడు పట్టణమునకు పోయి, ఒకరు వాడిన ఎఫ్ 1.8 లెన్సును బేరమాడెను. టార్చి వెలుగును దాని గుండ ప్రసరింపజేసి, లోన బూజుపోగులు లేవని నిశ్చయించుకొనెను; తన కెమెరాకే తగిలించి నాలుగు చిత్రములు తీసి చూచెను. లెన్సునకు 6,000, ట్రైపాడునకు 2,500, బ్లోయరు, బట్టలకు 500 వ్యయమయ్యెను. మిగిలిన 6,000 రూపాయలను తల్లి చేతిలో పెట్టెను.

ఆ సాయంకాలము ఆమె దీపము వెలిగించుచుండగా అతడు క్రొత్త లెన్సుతో మొదటి చిత్రము తీసెను. ఫ్లాషు వేయలేదు. ఆ చిన్న దీపపు వెలుగులోనే ఆమె ముఖమును, మెడలోని గొలుసును స్పష్టముగా కనబడెను.