వెనక స్పీకరు పలకనప్పుడు

నాన్న ఏలూరు నుంచి మా కూకట్‌పల్లి ఇంటికి వచ్చేశాక సాయంత్రాలు టీవీ ఆయనదే. "మాటలు వినపడట్లేదురా, మ్యూజిక్కే మోగుతోంది" అనేవారు. మాది 2016లో కొన్న 5.1 సెట్టు. అందులో వెనక స్పీకర్లు రెండూ పలకడం మానేసి చాలా రోజులైంది. రెండు బాధలనూ కలిపి ఒకటే జబ్బు అనుకున్నాను. సెట్టు పాతబడింది, మార్చేద్దామని షాపుకి వెళ్లాను.

కొత్త సెట్టు రొక్కానికి 38,500, "వడ్డీ లేని" ఈఎంఐకి 41,000 అన్నారు. ఆ 2,500 తేడాయే వడ్డీ. అసలు సున్నా వడ్డీ అనేదే ఉండదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఈఎంఐ వద్దనుకుంటే నాకు మిగిలింది చీటీ. ఆఫీసులో ఇరవై మందిమి నెలకు 2,500 చొప్పున వేసుకుంటున్న యాభై వేల చీటీ అది. అప్పటికి ఆరో నెల. 11 వేలు తగ్గించి పాడితే చేతికి 39 వేలు వస్తుంది. సెట్టుకి సరిగ్గా సరిపోతుంది! ఆ సరిపోవడమే నన్ను తొందరపెట్టింది. రాత్రి కాగితం మీద లెక్క వేశాను. తగ్గించిన దాంట్లో నా వాటాగా 550 తిరిగొచ్చినా, 10,450 వదులుకుంటున్నాను. అంటే సెట్టు నాకు 48,950కి పడుతోంది. ఆ అంకె చూశాక నిద్ర పట్టలేదు.

షాపులో వెయ్యి వాట్లన్న మాట కూడా నన్ను లాగింది. మా పాతది ఐదొందలు. కానీ వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెండింతలుగా అనిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. పన్నెండడుగుల హాల్లో మాకు తక్కువైంది వాట్లు కాదు.

ఆదివారం పొద్దున్న రిసీవర్‌లోని టెస్ట్ టోన్ పెట్టాను. ఒక్కో స్పీకరులోంచి వరసగా బుస్సుమనే చప్పుడు వస్తుంది. ముందు మూడూ పలికాయి. చిత్రంగా వెనక ఎడమది కూడా పలికింది. కుడిది మాత్రం లేదు. కరెంటు ఆపేసి, రిసీవర్ వెనక రెండు సరౌండ్ వైర్లనూ అటుదిటు ఇటుదటు మార్చాను. ఈసారి కుడి టోన్ ఎడమ స్పీకరులో వినిపించింది. అంటే రిసీవర్ బాగుంది. తప్పు వైరులోనన్నా ఉండాలి, స్పీకరులోనన్నా ఉండాలి. గడియారంలోని 1.5 వోల్టుల సెల్లు తీసి కుడి స్పీకరు టెర్మినళ్లకి ఒక్క క్షణం తాకించాను. టప్‌మంది. స్పీకరు బతికే ఉంది! వైరు వెంట వెతుక్కుంటూ వెళితే దివాన్ కాలి కింద నలిగి, తెగి కనపడింది. అదే సెల్లుతో ఎడమ వైరు కూడా చూస్తే కోన్ బయటికి రావాల్సింది లోపలికి పోయింది. ఎన్నేళ్లుగానో ప్లస్, మైనస్ తిరగబడి ఉన్నాయన్నమాట. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి పదహారు గేజి రాగి వైరు ఇరవై మీటర్లు తెచ్చాను. ఎనిమిదొందలయింది.

మరి పలికే ఎడమ స్పీకరు కూడా ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకుంది? టీవీ సెట్టింగుల్లో ఆప్టికల్ అవుట్‌పుట్ పీసీఎంలో ఉంది. ఆ దారిన పీసీఎం రెండు చానళ్లే మోస్తుంది. దాన్ని డాల్బీ డిజిటల్‌కి మార్చాను. పైసా ఖర్చు లేదు. పైగా నాన్న చూసేవన్నీ పాత సినిమాలు. 1957 నాటి మాయాబజార్ అసలు శబ్దం మోనో. అందులో వెనక స్పీకర్లకంటూ విడిగా ఏమీ ఉండదు. వాటి మౌనాన్ని నేను చెడిపోవడం అనుకున్నాను.

ఇక మాటల సంగతి. సినిమాలో సంభాషణ ఎక్కువ భాగం సెంటర్ స్పీకరులోంచే వస్తుంది. మాది టీవీ బల్ల కింది అరలో, మోకాళ్ల వైపు చూస్తూ ఉండేది. పైకి తెచ్చి, ముందు అంచు కింద రబ్బరు ముక్కలు పెట్టి చెవి వైపు తిప్పాను. రిసీవర్‌లో దాని స్థాయి 3 డెసిబెల్స్ పెంచాను. ఆ తర్వాతే, అదే సిరీస్‌లోని కాస్త పెద్ద సెంటర్ స్పీకరు ఒకటి పాతది 5,500కి దొరికితే, మా ఫోన్లోని సినిమా పెట్టి విని మరీ కొన్నాను. తక్కువ బడ్జెట్‌లో డబ్బు పెట్టాల్సింది అక్కడే అని నా గట్టి నమ్మకం. సరౌండ్‌లకి వచ్చే పని తక్కువ. అవి చిన్నవైనా, పాతవైనా ఇబ్బంది లేదు. చెవి ఎత్తుకి కొంచెం పైన, కూర్చునే చోటుకి పక్కగా కాస్త వెనక్కి బిగిస్తే చాలు.

మొత్తం 6,300 అయింది. మాకు మాటలు స్పష్టంగా వినపడ్డాయి. నాన్నకి మాత్రం సగమే. "ఇందాకటికన్నా నయం" అన్నారు, నా మనసు నొచ్చుకోకుండా.

అప్పుడు తట్టింది. అన్నిటినీ పరీక్షించాను, ఆయన చెవుల్ని తప్ప. ఆడియోమెట్రీ చేయిస్తే హెచ్చు శ్రుతి (హై ఫ్రీక్వెన్సీ) శబ్దాలు చెవికి అందడం లేదని తేలింది. వయసుతో ముందు పోయేవి అవేనట. స, ష లాంటి అక్షరాలు జారిపోతే మాట ఉన్నా అర్థం ఉండదు. వినికిడి యంత్రాలు జత 44 వేలన్నారు. ఈసారి చీటీ పాడాలా అని ఒక్క పూట కూడా ఆలోచించలేదు. పద్నాలుగో నెలలో పోటీ తగ్గి, 3,000 తగ్గింపుకే పాట నాదయింది. 47 వేలు వచ్చింది. ఎనిమిది నెలలు ముందుగా ఎత్తి ఉంటే ఈ డబ్బు హాల్లో నల్ల డబ్బాలుగా నిలబడి ఉండేది. ఆయన వాటి ముందు కూర్చుని "నయమేరా" అంటూ ఉండేవారు.

మొన్న ఏదో కొత్త సినిమా చూస్తున్నాం. తెర మీద ఇంకా మబ్బులే. కుడి వెనక స్పీకరులో సన్నగా జల్లు మొదలైంది. నాన్న గబుక్కున బాల్కనీ వైపు తిరిగి, "ఒరేయ్, వానొస్తోంది, బట్టలు తీశారా?" అన్నారు.